మళ్ళీ డ్రాగన్ క్వెస్ట్ మొదటి భాగం: ఇప్పుడు ఆడొచ్చా?

డ్రాగన్ క్వెస్ట్ పదకొండో భాగం పూర్తయ్యాక నాకు మనసు మొదటి భాగం మీదికి పోయింది. ఎప్పుడో గైడ్ పక్కన పెట్టుకుని ఆడేసిన గేమే. ఈసారి గైడ్ జోలికి పోలేదు. నోట్‌బుక్‌లో మ్యాప్ గీసుకుంటూ, ఊళ్లలో జనం చెప్పిన మాటలు రాసుకుంటూ ఆడాను. నేను ఆడింది 1989లో అమెరికాలో డ్రాగన్ వారియర్ పేరుతో వచ్చిన పాత వెర్షన్. అంత పాత గేమ్ ఇప్పుడు ఆడగలమా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నా: ఆడొచ్చు, నన్నడిగితే ఆడాలి కూడా. అయితే ఒక దశలో ఓపిక బాగా కావాలి. ఆ సంగతి కూడా దాచకుండా చెప్తాను.

ఇది జపాన్‌లో 1986 మే 27న నింటెండో వారి గేమ్ కన్సోల్ ఫామికామ్ మీద విడుదలైంది. కథ, డిజైన్ యూజీ హోరీ. రాక్షసుల బొమ్మలు అకీరా తొరియామా. సంగీతం కోయిచీ సుగియామా. ప్రోగ్రామింగ్ కోయిచీ నకామురా, ఆయన చున్‌సాఫ్ట్ టీమ్. ఎనిక్స్ కంపెనీ అమ్మింది. మొత్తం గేమ్ 64 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అప్పటికి కంప్యూటర్ల మీద అల్టిమా, విజార్డ్రీ లాంటి రోల్ ప్లేయింగ్ గేములు ఉన్నాయి గానీ, వాటికి కీబోర్డ్ కావాలి, లావుపాటి మాన్యువల్ చదవాలి. పైనుంచి చూస్తూ మ్యాప్ మీద నడవడం అల్టిమా నుంచి, ఎదురుగా రాక్షసుడు నిలబడి కింద మెనూ వచ్చే యుద్ధం విజార్డ్రీ నుంచి తీసుకుని, రెండు బటన్ల కంట్రోలర్ పట్టుకున్న పిల్లలకు అర్థమయ్యేలా చేశాడు హోరీ.

అది ఎలా చేశాడో తెలియాలంటే మొదటి గది చూడాలి. గేమ్ మొదలవగానే మీరు టాంటెజెల్ కోటలో రాజుగారి ఎదురుగా ఉంటారు. పక్కన మూడు పెట్టెలు, గదికి తాళం వేసిన తలుపు, దాని అవతల మెట్లు. బటన్ నొక్కితే ఎనిమిది కమాండ్ల మెనూ వస్తుంది: మాట్లాడటానికి ఒకటి, తలుపు తీయడానికి ఒకటి, పెట్టెలోది తీసుకోవడానికి ఒకటి, చివరికి మెట్లు దిగడానికి కూడా విడిగా ఒకటి. ఇప్పుడు చూస్తే చిరాకే. మెట్ల మీద నిలబడితే దిగడానికే కదా, మళ్ళీ మెనూ తెరిచి చెప్పాలా అనిపిస్తుంది. కానీ ఆ గదిలో ఏం జరుగుతుందో గమనించండి. పెట్టెలు తెరిస్తే 120 గోల్డ్, ఒక కాగడా, ఒక తాళంచెవి దొరుకుతాయి. ఆ తాళంచెవి వాడితే గానీ తలుపు తెరుచుకోదు. తలుపు దాటి మెట్లు దిగితే గానీ బయట పడరు. అంటే గది దాటేసరికి గేమ్‌లో వాడాల్సిన కమాండ్లు చాలావరకు మీ చేతికి అలవాటైపోతాయి. ఎవరూ పక్కన నిలబడి పాఠం చెప్పరు, ట్యుటోరియల్ బాక్సులు ఎగిరెగిరి రావు. ఇన్నేళ్లలో వచ్చిన ఎన్నో పెద్ద గేముల మొదటి గంట కన్నా ఈ ఒక్క గది నాకు ఎక్కువ నచ్చింది.

బయటికి రాగానే పక్కనే ఊరు. చేతిలో 120 గోల్డ్. రాగి కత్తి 180, తోలు కవచం 70, డాలు 90, దుడ్డుకర్ర 60, వెదురు కర్ర 10. అన్నీ కొనలేరు. నేను దుడ్డుకర్ర, మామూలు బట్టలు తీసుకుని, మిగిలిన దాంట్లో ఒక మూలిక కొనుక్కుని బయల్దేరాను. అన్నిటికన్నా బలహీనమైన రాక్షసి స్లైమ్‌ని కొడితే వచ్చేది 1 ఎక్స్‌పీరియన్స్, అంటే అనుభవ పాయింటు. రెండో లెవెల్‌కి 7 కావాలి. చిన్న లెక్కలే, అందుకే ప్రతి అంకె మనకు పట్టింపుగా ఉంటుంది. మూడో లెవెల్‌లో మొదటిసారి గాయం మాన్పే మంత్రం వచ్చినప్పుడు నిజంగానే ఊపిరి పీల్చుకున్నాను, ఎందుకంటే ఇక కోటకి ఇంకాస్త దూరం పోవచ్చు.

"ఇంకాస్త దూరం పోవచ్చు" అనేదే ఈ గేమ్ మొత్తం. కోట బయట కొద్ది అడుగులు నడిస్తే నీళ్లకు అవతల చార్లాక్ కోట కనిపిస్తుంది. చివరి విలన్ డ్రాగన్‌లార్డ్ ఉండేది అక్కడే. కళ్ల ముందే ఉంటుంది, మధ్యలో సన్నటి నీటిపాయ. అక్కడికి చేరాలంటే మాత్రం ప్రపంచమంతా చుట్టి, రిముల్డార్ అనే ఊరి అవతలి కొస నుంచి ఇంద్రధనుస్సు వంతెన వేసుకుని రావాలి. మీరెక్కడికి పోవాలో మొదటి నిమిషంలోనే చూపించి, ఎలా పోవాలో మీ తలకి వదిలేశాడు. దారిలో అదృశ్య గోడలు లేవు, "ఈ మిషన్ పూర్తి చేస్తే గానీ అటు పోకూడదు" అని ఆపేవాళ్లు లేరు. ఆపేది ఒక్కటే, రాక్షసుల బలం. దారిలో ఉన్న మామూలు వంతెన ఒకటి దాటారంటే లెక్క మారిపోతుంది. ఇటువైపు రెండు దెబ్బలకు పడేవి ఉంటే, అటువైపు మిమ్మల్ని రెండు దెబ్బలకు పడేసేవి ఉంటాయి. ఈ సంగతి ఏ బోర్డు మీదా రాసి ఉండదు, ఒకసారి దాటి చూస్తే జీవితంలో మర్చిపోరు.

చనిపోతే ఏమవుతుంది? రాజుగారి ముందు లేస్తారు, గోల్డ్‌లో సగం పోతుంది. ఎక్స్‌పీరియన్స్ మాత్రం ఒక్క పాయింట్ కూడా తగ్గదు. ఆ రోజుల్లో చాలా గేముల్లో చనిపోతే పడ్డ శ్రమంతా బూడిదే. ఇందులో ఓడిపోయినా మీరు నిన్నటి కంటే బలవంతులే. అందుకే ధైర్యం చేసి ఇంకొక్క గుహ చూసొద్దాం అనిపిస్తుంది. సిరీస్ తర్వాతి భాగాలు ఈ పద్ధతినే ఎందుకు వదల్లేదో మొదటి భాగం ఆడితే బాగా తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది పూర్వకాలపు మహావీరుడు ఎర్డ్రిక్ కవచం దొరికే ఘట్టం. ఒక ఊళ్లో ఒకాయన, మా తాతకి హాక్స్‌నెస్ అనే ఊళ్లో తూర్పు వైపు దుకాణం ఉండేదని చెప్తాడు. ఆ దుకాణం వెనక చెట్టు కింద ఆయన ఏదో పాతిపెట్టాడన్న మాట కూడా వింటాం. అంతే, మ్యాప్‌లో గుర్తు పెట్టరు, జర్నల్‌లో ఎక్కించరు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చాలా సేపటి తర్వాత దక్షిణాన ఒక ఊరు కనిపించింది. లోపలికి పోతే మనుషులు లేరు. కూలిన గోడలు, విషపు బురద, ఊరి మధ్యలోనే రాక్షసులు. ఊళ్లో అడుగుపెడితే ఇక భయం లేదని అప్పటిదాకా గేమే మనకు అలవాటు చేసింది, ఇక్కడ ఆ భరోసా లేదు. తూర్పు వైపు నడిచాను, కూలిపోయిన ఒక దుకాణం, దాని వెనక ఒక చెట్టు. ఆ చెట్టు దగ్గరి గడి మీద కాలు పెట్టగానే గొడ్డలి పట్టుకున్న యోధుడు మీద పడ్డాడు. వాణ్ణి పడగొట్టాక కవచం దొరికింది. అది వేసుకుంటే నడిచే ప్రతి అడుగుకీ కొంచెం బలం తిరిగి వస్తుంది, విషపు బురద ఏమీ చేయదు. ఒక ముసలాయన మాట, ఒక చెట్టు, ఒక గడి, ఇంతే సామగ్రి. నాకైతే గుండె దడదడలాడింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎర్డ్రిక్ చిహ్నం ఎక్కడుందో కాంట్లిన్ అనే ఊళ్లో చెప్తారు, కోట నుంచి దక్షిణానికి 70, తూర్పుకి 40 అని. రాకుమారి గ్వేలిన్‌ని కాపాడితే ఆమె ఇచ్చే కానుక, కోట నుంచి మీరు ఎంత దూరంలో ఉన్నారో చెప్తుంది. ఆ రెండూ కలిపితే బురద మధ్యలో ఒకే ఒక గడి తేలుతుంది. చిత్రమేమిటంటే రాకుమారిని కాపాడకుండానే గేమ్ పూర్తి చేయొచ్చు. కాపాడితే ఆమెను చేతుల మీద ఎత్తుకుని నడుస్తారు, బొమ్మ కూడా మారుతుంది. ఇంత చిన్న కార్ట్రిడ్జ్‌లో దానికోసం చోటు మిగుల్చుకున్నారంటే ఆ టీమ్‌కి ఈ గేమ్ మీద ఎంత ప్రేమో చూడండి.

సంగీతం గురించి ఒక్క మాట. గుహలో ఒక్కో అంతస్తు దిగుతుంటే పాట వేగం తగ్గి, స్వరం లోతుగా మారుతుంది. పాట అదే, దిగేకొద్దీ బరువెక్కుతుంది. కాగడా వెలుగు చుట్టూ ఒక్క గడికి మించి పడదు, ఆరిపోతే మీరు నిలబడిన గడి తప్ప ఏమీ కనిపించదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి.

ఇక ఓపిక విషయం. యుద్ధాలు ఎప్పుడూ ఒకరితో ఒకరే. మీరొక్కరు, ఎదుటివాడొక్కడు. మొదట్లో అది బాగుంటుంది, మధ్యలోకి వచ్చేసరికి కొట్టడం, మంత్రంతో కోలుకోవడం, మళ్ళీ కొట్టడం. నిద్ర మంత్రం వేసే రాక్షసుడు ఎదురైతే మీరు లేచేలోపే కథ ముగిసిపోవచ్చు, చేయగలిగింది ఏమీ ఉండదు. అది అన్యాయమే, పాత గేమ్ కదా అని వెనకేసుకు రాను. పదో లెవెల్‌కి 2000 ఎక్స్‌పీరియన్స్ కావాలి, ఆ తర్వాత మెట్లు ఇంకా ఎత్తు. సుమారు పదమూడో లెవెల్ నుంచి పదిహేడు దాకా, అంటే పెద్ద గాయం మాన్పే మంత్రం వచ్చేదాకా, ఆటలో కొత్త ఊరు లేదు, కొత్త సంగతి లేదు, వట్టి గ్రైండింగ్, అంటే లెవెల్ పెంచుకోవడానికి అవే యుద్ధాలు మళ్ళీ మళ్ళీ చేయడం. కాంట్లిన్‌లో మంచి కవచం, కత్తి కొనడానికి వేల గోల్డ్ కావాలి. ఈ భాగం బోరు కొడుతుంది. నేను ఏవో మాటలు వింటూ కానిచ్చాను. తాళంచెవులు కూడా చికాకే. రిముల్డార్‌లో ఒక్కోటి 53 గోల్డ్, ఒకసారి వాడితే పోతుంది.

ఇంకొకటి, మీ హీరోకి పెట్టే పేరును బట్టి ఏ లక్షణాలు వేగంగా పెరగాలో, ఏవి నెమ్మదిగా పెరగాలో గేమ్ లోపల నిర్ణయమైపోతుంది. ఇది మీకెక్కడా చెప్పదు. నా హీరో బలంలో బాగా ఎదిగాడు, మంత్రశక్తి మాత్రం ఎప్పుడూ చాలీచాలనట్టే ఉండేది. మీకు పోరాటాలు మరీ కష్టంగా అనిపిస్తే అది మీ ఆటతీరు లోపమే కానక్కర్లేదు.

చివర్లో డ్రాగన్‌లార్డ్ మీకొక బేరం పెడతాడు, సగం ప్రపంచం ఇస్తా, నాతో చేరు అని. ఒప్పుకుంటే ఆట అక్కడితో అయిపోతుంది, నిజంగానే. 1986లో ఒక గేమ్ ఆడేవాణ్ణి అంత సూటిగా ప్రశ్న అడిగి, ఇచ్చిన జవాబుకి కట్టుబడటం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. కాదంటే రెండు యుద్ధాలు, రెండోది అసలు డ్రాగన్ రూపంతో.

ఏ వెర్షన్ ఆడాలి? ఆ కాలపు రుచి కావాలంటే నేను ఆడిన అమెరికా వెర్షన్ మంచిది. జపాన్ మొదటి వెర్షన్‌లో సేవ్ లేదు, ఆట కొనసాగించాలంటే 20 అక్షరాల పాస్‌వర్డ్ రాసుకోవాలి. పైగా హీరో బొమ్మ ఎప్పుడూ మన వైపే చూస్తూ ఉంటుంది, ఎవరితోనైనా మాట్లాడాలంటే ఏ దిక్కో కూడా చెప్పాలి. అమెరికాకి తెచ్చినప్పుడు బ్యాటరీ సేవ్ పెట్టారు, బొమ్మ తిరిగేలా చేశారు. గ్రైండింగ్ పడనివాళ్లు ఫోన్, స్విచ్ వెర్షన్ తీసుకోండి, అందులో లెవెల్స్ త్వరగా వస్తాయి, మెట్లు తమంతట తామే దిగుతారు. 2025 అక్టోబర్‌లో మొదటి, రెండో భాగాలు కలిపి వచ్చిన హెచ్‌డీ 2డీ రీమేక్ చూడ్డానికి కన్నుల పండుగ. కాకపోతే అందులో ఒకేసారి రాక్షసుల గుంపు మీద పడుతుంది, కథ పెరిగింది, అది దాదాపు వేరే గేమ్. ఒంటరిగా ఒకడితో ఒకడు తలపడే ఆ పాత లెక్క తెలియాలంటే ముందు పాతదే ఆడండి.

దీని తర్వాత ఏది అని అడిగితే, నేరుగా మూడో భాగానికి వెళ్ళొచ్చు, రెండోది తర్వాత ఆడినా ఏమీ పోదు. మూడో భాగం మాత్రం ఇది ఆడకుండా మొదలుపెట్టకండి. ఎర్డ్రిక్ అన్న పేరు, టాంటెజెల్ కోట, నీళ్లకు అవతలి చార్లాక్ మీకు ముందే తెలిసి ఉండాలి, అప్పుడే అది చివర్లో మీకు ఏం చూపిస్తోందో పూర్తిగా అందుతుంది.