పీసీఓడీ ఉండి ఓవ్యులేషన్ స్ట్రిప్పులు వాడితే: ఏడాది పైన వాడాక నా మాట

ఓవ్యులేషన్ స్ట్రిప్పులంటే అండం విడుదలయ్యే టైం దగ్గరపడిందేమో మూత్రంలో చూసి చెప్పే పట్టీలు. స్ట్రిప్‌ని ఎంతసేపు ముంచాలి, ఎప్పుడు చూడాలి అన్నవి ఇక్కడ రాయను, డబ్బా మీద బొమ్మలేసి మరీ చెప్తారు. నాకున్న గొడవంతా ఆ రెండో గీతతోనే.

నాకు పీసీఓడీ ఉంది, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య. డేట్ ఒకసారి నలభై రోజులకి వస్తుంది, ఒకసారి రెండు నెలలైనా రాదు. పిల్లల కోసం అనుకున్నాక అదే పెద్ద టెన్షన్ అయింది. బ్రాడీపేటలో తెలిసిన మెడికల్ షాపులో అడగడానికి మొహమాటమేసి ఆన్‌లైన్‌లో పెద్ద ప్యాకే తెప్పించాను. మొదట్లో తెగ నచ్చేశాయి, మా ఆడపడుచుకి కూడా నేనే చెప్పాను. ఆమెకి బాగానే పనిచేశాయి, ఇప్పుడు ఐదో నెల. కాకపోతే ఆమెకి ప్రతి నెలా ఠంచనుగా డేట్ వస్తుంది, ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు.

మా వారిది హైదరాబాద్‌లో ఉద్యోగం, గుంటూరు వచ్చేది శని, ఆదివారాల్లోనే. ఒక నెల మంగళవారం మధ్యాహ్నం టెస్ట్ లైన్ (నేను చెప్పిన రెండో గీత) కంట్రోల్ లైన్ (పోల్చి చూసుకునే గీత) కంటే ముదురుగా వచ్చింది. స్ట్రిప్ చూసేది ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ని, అది ఒక్కసారిగా పెరిగాక ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం విడుదలవుతుంది కదా, వెంటనే ఫోన్ చేశాను, పాపం ఆఫీసులో ఏదో కథ చెప్పి ఆ రాత్రి రైలుకే వచ్చేశారు. గురువారం ఆయన్ని పంపించి శుక్రవారం ఊరికే చూస్తే గీత ఇంకా ముదురుగానే ఉంది, పై వారం అంతకంటే ముదురు. మళ్ళీ ఫోన్ చేస్తే "మొన్ననే అయిపోయిందన్నావుగా?" అన్నారు. అయినా వచ్చారు. వారం మధ్యలో రెండోసారి కొడుకు దిగేసరికి మా అత్తయ్యగారు "ఏరా, ఉద్యోగం గానీ పోయిందా?" అని అడిగితే ఏం చెప్తాం చెప్పండి!

ఆ నెలలోనే కొత్తపేటలో డాక్టర్‌గారికి చూపించుకున్నాను. గీత ముదురుగా ఉన్న రోజే స్కాన్ తీస్తే అన్నీ చిన్న చిన్న ఫాలికల్సే (అండం ఎదిగే సంచులు), ఒక్కటీ పెరగలేదు. పీసీఓడీలో చాలామందికి ఎల్‌హెచ్ మామూలు రోజుల్లో కూడా ఎక్కువే ఉంటుందట, పాపం స్ట్రిప్ దాన్నే పట్టి చూపిస్తుంది. ఒక్కోసారి ఎల్‌హెచ్ నిజంగానే పెరిగినా అండం విడుదల కాకుండా ఆగిపోతుందట కూడా. ఇంటికొచ్చి లోపలి కాగితం విప్పితే చివర్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, పీసీఓఎస్ (పీసీఓడీనే అలా కూడా అంటారు) ఉన్నవాళ్ళకి ఫలితం తప్పుగా రావచ్చని. డబ్బా ముందు నవ్వే పాప బొమ్మ వేయడానికి చోటుంది గానీ ఈ ఒక్క వాక్యానికి లేదా? డేట్ సరిగ్గా రాని మాలాంటి వాళ్ళమే కదా ఇవి డజన్ల కొద్దీ కొనేది!

తర్వాత లెట్రోజోల్ రాశారు, డేట్ వచ్చిన మూడో రోజు నుంచి ఐదు రోజులు. నెట్‌లో రొమ్ము క్యాన్సర్ మందు అని చూసి మా వారు కంగారుపడ్డారు. మన దేశంలో 2011లో సంతానం కోసం దీన్ని వాడకూడదని నిషేధించారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు, ఇప్పుడు పీసీఓడీలో అండం విడుదల కావడానికి మొదట ఇచ్చేది ఇదేనని డాక్టర్‌గారు ఓపిగ్గా చెప్పాక ఒప్పుకున్నారు. ఆశ్చర్యం ఏంటంటే, ఆ నెల అవే స్ట్రిప్పులు బుద్ధిగా నడుచుకున్నాయి. రోజూ లేత గీతే, ఉన్నట్టుండి ఒక రోజు నల్లగా వచ్చి మర్నాటికి మళ్ళీ లేతబడింది. స్కాన్‌లో ఒక ఫాలికల్ 20 మిల్లీమీటర్లకి పెరిగింది, వారం తర్వాత రక్తంలో ప్రొజెస్టెరాన్ (అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్) చూస్తే అండం విడుదలైనట్టే వచ్చింది. తర్వాతి నెల మాత్రం మళ్ళీ వారమంతా ముదురు గీతలే. అందుకే స్కాన్ రిపోర్ట్ పక్కన లేకుండా నేను వాటి మాట నమ్మట్లేదు.

పూర్తిగా మానేశానా అంటే లేదు, స్కాన్‌కి స్కాన్‌కి మధ్య ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. నాకింకా నిలవలేదు, కాబట్టి ఏది పనిచేసిందో తేల్చి చెప్పేంత సీన్ నాకు లేదు. నాకు స్కానింగ్ సెంటర్ ఆటోలో పది నిమిషాలు. ఏ వినుకొండ నుంచో రోజు విడిచి రోజు రావాల్సిన వాళ్ళకి స్ట్రిప్పులు వద్దని ఎలా చెప్తాను? నెల నెలా డేట్ వచ్చేవాళ్ళకైతే ఇంకా ఇవే చెప్తాను.

ఇంకొకటి, ప్రొజెస్టెరాన్ పరీక్షకి చీటీ మీద అలవాటుగా 21వ రోజు అని రాసేస్తుంటారు. అది 28 రోజులకి డేట్ వచ్చేవాళ్ళ లెక్క, అసలు చూడాల్సింది వచ్చే డేట్‌కి వారం ముందు. మీకు నలభై రోజులకి వస్తుంటే 33వ రోజు దగ్గర అవుతుంది, కాబట్టి మీ డేట్ల సంగతి చెప్పి, అడిగి మరీ రాయించుకోండి.