మెరోపెనెమ్ 1 గ్రాము వయల్: మందు గట్టిదే, కలిపాక ఆగదు

మెరోపెనెమ్ నరంలోకి ఇచ్చే యాంటీబయాటిక్, చిన్న గాజు సీసాలో (వయల్) పొడిగా వస్తుంది. పొడిగా ఉన్నంతకాలం ఈ వయల్‌కు వంక పెట్టలేం. ఫ్రిజ్ అక్కర్లేదు. 20 ఎంఎల్ స్టెరైల్ వాటర్ పోసి గట్టిగా ఊపితే తేటగా కరుగుతుంది. బిరడా అంచున పొడి అంటుకుని ఉండొచ్చు కాబట్టి వయల్‌ని తలకిందులు చేసి చూడాలి. అలా కలిపితే ఎంఎల్‌కు 50 మి.గ్రా. వస్తుంది, 3 నుంచి 5 నిమిషాల్లో నెమ్మదిగా ఇవ్వొచ్చు.

చిక్కంతా నీళ్లు తగిలాకే. మందుకు పనితనం ఇచ్చే బీటా లాక్టమ్ వలయాన్ని నీరే తెంచేస్తుంది. పైగా మెరోపెనెమ్ అణువులు ఒకదాని వలయాన్ని ఒకటి తెంచుకుంటాయి, అందుకే ద్రావణం చిక్కగా ఉంటే ఇంకా త్వరగా పాడవుతుంది. వేడి తగిలితే మరీనూ.

అమెరికా లేబుల్ ప్రకారం, స్టెరైల్ వాటర్‌లో కలిపిన వయల్ 25 డిగ్రీల లోపు 3 గంటలు, 5 డిగ్రీల లోపు 13 గంటలు ఆగుతుంది. ఎన్‌ఎస్ అనే ఉప్పునీటి ద్రావణం, అంటే నార్మల్ సెలైన్‌లో ఎంఎల్‌కు 1 నుంచి 20 మి.గ్రా. ఉండేలా కలిపితే 25 డిగ్రీల లోపు ఒక్క గంట, 5 డిగ్రీల లోపు 15 గంటలు. బ్రిటన్ లేబుల్ సెలైన్ ద్రావణానికి 25 డిగ్రీల్లో 3 గంటలు ఇస్తుంది. మన వార్డు ఫ్రిజ్‌లో 8 డిగ్రీలు చూపిస్తుంటే, 5 డిగ్రీలకు రాసిన గడువు దానికి వర్తించదు. గడ్డకట్టించడం అసలే కూడదు.

డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ద్రావణంలో కలిపితే నిల్వ మాటే లేదు, వెంటనే ఎక్కించాలి. ఇక్కడ పొరపడేది డీఎన్‌ఎస్ (డెక్స్ట్రోజ్ కలిపిన సెలైన్) దగ్గర. పేరు చివర ఎన్‌ఎస్ ఉంది కదా అని సెలైన్ లెక్కలో వేసుకుంటారు, అందులోనూ 5 శాతం డెక్స్ట్రోజ్ ఉంటుంది. సీసా తీసే ముందు పేరు పూర్తిగా చదవాలి.

రంగు చూసి తేల్చుకుందామంటే కుదరదు. తాజా ద్రావణమే లేత పసుపుగా ఉండొచ్చు. బలం తగ్గినా తేటగానే కనిపిస్తుంది. కాబట్టి సీసా మీద తేదీతో పాటు కలిపిన గంట, నిమిషం రాయాల్సిందే.

3 గంటల పాటు నెమ్మదిగా ఎక్కించే పద్ధతికి ఈ మందు పనికొస్తుందా అంటే, ఏసీ ఉన్న ఐసీయూలో పనికొస్తుంది. 1 గ్రాము 100 ఎంఎల్ ఎన్‌ఎస్‌లో అప్పటికప్పుడు కలిపి వెంటనే మొదలుపెడితే బ్రిటన్ గడువు సరిగ్గా సరిపోతుంది, ఒక్క నిమిషం మిగలదు. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో, ఏసీ లేని జనరల్ వార్డులో ఆ 25 డిగ్రీలు ఎక్కడివి? అక్కడ 15–30 నిమిషాల ఇన్ఫ్యూజన్‌కు మార్చమని డాక్టర్‌ను అడగడమే మేలు. రాత్రి డ్యూటీకి పని తగ్గుతుందని సాయంత్రమే కలిపి బల్ల మీద పెట్టే అలవాటును మాత్రం గట్టిగా ఆపాలి. రోగికి ఎక్కేది తక్కువ డోసు, రికార్డులో ఉండేది పూర్తి డోసు.

24 గంటలూ మందు ఎక్కించే పంపులో నింపడానికి దీన్ని ఎంచుకోవద్దు. వేరే యాంటీబయాటిక్స్ ఉన్నాయి: గది ఉష్ణోగ్రతలో పిపెరాసిలిన్–టాజోబాక్టమ్ సెలైన్‌లో 24 గంటలు, సెఫ్ట్రియాక్సోన్ 2 రోజులు నిలుస్తాయి. ఒక మందు బదులు మరొకటి వాడాలా అన్నది కల్చర్ రిపోర్టు (ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్ష) చూసి డాక్టర్ చెప్పాల్సిన మాట, నిల్వ గడువు చూసి మార్చేది కాదు.

పిల్లలకు మాత్రం 1 గ్రాము వయల్ కొనిపించడం దండగ. 12 కిలోల బిడ్డకు కిలోకు 20 మి.గ్రా. లెక్కన 240 మి.గ్రా., అంటే 4.8 ఎంఎల్. మిగిలిన 15 ఎంఎల్ పైచిలుకును 8 గంటల తర్వాతి డోసుకు బయట ఉంచితే గడువు దాటిపోతుంది. ఫ్రిజ్‌లో పెడదామన్నా ఇది ప్రిజర్వేటివ్ (క్రిములు పెరగకుండా కలిపే రసాయనం) లేని వయల్, సూది గుచ్చాక క్రిములు చేరే భయం ఉంటుంది. 250 మి.గ్రా., 125 మి.గ్రా. వయళ్లు దొరుకుతాయి, చీటీలో అవే రాయించండి.