తాళమున్న ఈబుక్కా, తాళం లేనిదా: ఏది మేలు?

అమ్మకం పేజీలో 'ఈపబ్' అని కనబడగానే ఏ ఈబుక్ రీడర్‌లోనైనా తెరుచుకుంటుందనుకుంటారు చాలామంది. ఈపబ్ అనేది ఫైలు రకం, అంటే పెట్టె పేరు మాత్రమే. దానికి తాళం, అంటే కాపీ చేయకుండా, వేరేచోట తెరవకుండా ఆపే డీఆర్ఎం, ఉందా, ఉంటే ఎవరిది అన్నదే అసలు సంగతి.

అమెజాన్ వారి కిండిల్ తాళం ఉన్నట్టే తెలియదు. కొన్న నిమిషంలో పుస్తకం దిగుతుంది, ఫోన్‌లో ఆపిన పేజీ నుంచే రీడర్‌లో మొదలవుతుంది. కోబో, పాకెట్‌బుక్ లాంటి వేరే కంపెనీల రీడర్‌కు మారితే మాత్రం ఆ పుస్తకాలు వెంట రావు. కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించుకునే దారిని కూడా 2025 ఫిబ్రవరి 26న అమెజాన్ మూసేసింది.

ఎక్కువ తిప్పలు అడోబీ తాళంతోనే. డబ్బు కట్టాక చేతికొచ్చే ఏసీఎస్ఎం ఫైలు పుస్తకం కాదు, కొద్ది కేబీల చీటీ. అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో తెరిస్తే అదే అసలు పుస్తకాన్ని తెస్తుంది. అంతకుముందే హెల్ప్ మెనూలో కంప్యూటర్‌ను మీ అడోబీ ఐడీతో ఆథరైజ్ చేయాలి. 'ఐడీ లేకుండా' అన్న గడిలో టిక్ పెట్టారో, పుస్తకం ఆ ఒక్క కంప్యూటర్‌కే అతుక్కుపోతుంది. విండోస్ మళ్లీ వేస్తే అంతే సంగతులు. చీటీని ఒక ఐడీతో తెరిచి, రీడర్‌లో ఇంకో ఐడీ పెడితే లైసెన్స్ వేరొకరిదంటూ మొరాయిస్తుంది. ఐడీ ఒకటే అయితే కోబో, పాకెట్‌బుక్ రెండింటిలోనూ చదవొచ్చు. కిండిల్‌లో మాత్రం ససేమిరా.

మూడోది వాటర్‌మార్క్: ఫైలులో కొన్నవారి పేరో ఈమెయిలో ముద్రిస్తారు, తాళం వేయరు. ఎక్కడైనా తెరుచుకుంటుంది, మన ఫైళ్లను కిండిల్‌కు పంపే అమెజాన్ సేవ 'సెండ్ టు కిండిల్' కూడా 2022 నుంచి ఇలాంటి ఈపబ్‌ను తీసుకుంటోంది. పదేళ్లు దాచుకోవాలనుకునే పుస్తకానికి ఇదే మేలు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసినప్పుడు కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి వచ్చింది గానీ తాళమున్న ఆ పుస్తకాలు మళ్లీ తెరుచుకోలేదు. (తాళం లేకపోయినా తెలుగు పీడీఎఫ్ కొనేముందు ఆలోచించండి. 6 అంగుళాల తెరమీద వత్తులు చీమల్లా ఉంటాయి.)

ఒక్కసారి చదివి వదిలేసే నవలకైతే కిండిల్ తాళం అడ్డేం కాదు. అడోబీ తాళం కోబోవాళ్లకు ఫర్వాలేదు, కిండిల్ ఉన్నవాళ్లు అటు చూడొద్దు.

అమ్మేవాళ్లు ఇదంతా డబ్బు కట్టకముందే చెప్పాలి. డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్ముతూ ఇచ్చేది లైసెన్స్ (వాడుకునే అనుమతి) మాత్రమే అయితే ఆ మాట స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టమే ఉంది. మన దుకాణాలకు ధర కింద రెండు వరుసలు చాలు: 'ఈపబ్, అడోబీ తాళం ఉంది. కోబో, పాకెట్‌బుక్‌లలో చదవొచ్చు, కిండిల్‌లో తెరుచుకోదు.'