మూడు చలికాలాలు వాడిన తల లైటు: దాని తెలివితోనే నా తగాదా

తలకి కట్టుకునే ఈ లైటు గురించి, కొన్న నెలకే ఒకసారి సమీక్ష రాశాను. అయిదుకి అయిదు చుక్కలూ ఇచ్చేశాను. "వెలుగు తనంతట తనే సర్దుకుంటుంది, చెయ్యి పెట్టే పనే లేదు" అని మురిసిపోతూ రాసింది నేనే. ఇప్పుడు చదువుకుంటే పెళ్ళిచూపుల్లో అబ్బాయి మర్యాద చూసి పొంగిపోయినట్టుంది. ఇది మూడు చలికాలాలు కాపురం చేశాక రాస్తున్నది.

ఎన్ని ల్యూమెన్ల వెలుగు, ఎన్ని గ్రాముల బరువు, వానలో తడిస్తే ఏమవుతుంది... అవన్నీ డబ్బా మీదే ఉంటాయి. కంపెనీ పేరు కూడా చెప్పను. వెలుగుని చూసి సర్దుకునే సెన్సరు ఇప్పుడు చాలా లైట్లలో వస్తోంది, రేపు మీరు కొనేదాంట్లోనూ ఉండొచ్చు.

మేముండేది జర్మనీలో, న్యూరెంబర్గ్ దగ్గర. జియోక్యాషింగ్ అంటే ఎవరో ఎక్కడో దాచిపెట్టినదాన్ని అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని వెతికే ఆట, ఆ దాచినదాన్నే క్యాష్ అంటారు. ఈ పిచ్చి మొదట మా అమ్మాయిది, తర్వాత నాది, ఆ తర్వాత తప్పనిసరై మా ఆయనది. రాత్రిపూట వెతికే క్యాష్‌లంటే పిల్లలకి ప్రాణం. కానీ ఇక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు గుంకదు, పూర్తిగా చీకటి పడేసరికి మా చిన్నాడు రెండో నిద్రలో ఉంటాడు. అందుకని మా సీజను అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి జరిగాకే మొదలవుతుంది. నవంబరులో అయిదింటికల్లా చీకటి పడుతుంది. ఆరింటికి బయల్దేరినా అర్ధరాత్రి సాహసం చేస్తున్నామని పిల్లలు నమ్మేస్తారు.

పోయిన నవంబరులో అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిణ్ణి కూడా తీసుకుని రోటెన్‌బుర్గ్ అనే పాత కోట ఊరికి వెళ్ళాం. "క్యాష్ దొరుకుతుందిట" అని మనవడు చెబితే "ఎంత?" అని అడిగారు పాపం. సీసాలో చుట్టిపెట్టిన కాగితం మీద మన పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేస్తామని చెప్పాక కాసేపు నా వంక చూసి, థర్మాస్ మూత బిగించుకున్నారు.

మేం ఎంచుకున్న క్యాష్ పేరు చెప్పను, చెబితే పెట్టినాయన కష్టం వృథా. సగం ఊళ్ళో, సగం కింద లోయలో. ఊరు గుట్ట మీద ఉంటుంది, టౌబర్ ఏరు కిందెక్కడో పారుతుంది. ఊళ్ళో ఉన్న మజిలీల్లో జవాబులు పట్టుకుని, ఆ అంకెలతో తర్వాతి చోటి అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టుకోవాలి. ఒక మజిలీ కోటగోడ మీద. 1945 మార్చి 31న పడిన బాంబులకి ఊళ్ళో చాలా భాగం దెబ్బతింది, గోడ కూడా కొంత మేర కూలిపోయింది. దాన్ని తిరిగి కట్టడానికి మీటర్ల లెక్కన చందాలు వసూలు చేశారు. ఇచ్చినవాళ్ళ పేర్లూ, ఎన్ని మీటర్లకి ఇచ్చారో ఆ లెక్కా రాళ్ళ మీద చెక్కి గోడలో పెట్టారు. మన గుళ్ళో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాయించినట్టే. జపాన్ పేర్లు, అమెరికా పేర్లు బోలెడు. మా అమ్మాయి మనవాళ్ళ పేరు ఏదైనా దొరుకుతుందేమోనని వెతికి వెతికి విసిగిపోయింది.

ఆ రాళ్ళు చదివేటప్పుడు మాత్రం ఈ లైటుకి దణ్ణం పెట్టాలి. రాయికి మొహం దగ్గర పెట్టగానే వెలుగు మెత్తబడుతుంది, కళ్ళు చెదరవు, అక్షరం అక్షరం కనబడుతుంది. నా మొదటి సమీక్షలో పొగడ్త అంతా ఇలాంటి పనికే. రాయి వదిలి నడక మొదలెట్టాక కథ వేరు. ఆ గోడ మీద దారికి చెక్క కప్పు ఉంది, దూలాలు తలకి తగిలేంత కిందకి ఉంటాయి. దూలం దగ్గరపడ్డప్పుడల్లా లైటు తగ్గుతుంది, దాటాక పెరుగుతుంది, మళ్ళీ దూలం. పెళ్ళి పందిట్లో సీరియల్ బల్బుల మాల నెత్తిన పెట్టుకున్నట్టే. మొదటి రెండేళ్ళూ దీన్ని "చిన్న చిరాకు" అని సర్దిచెప్పుకున్నాను.

ఎనిమిదికి మార్కెట్ కూడలిలో, పాతకాలపు రాత్రి కాపలావాడి వేషంలో ఊరు తిప్పి చూపించే ఆయన వచ్చాడు. నల్లటి అంగీ, చేతిలో లాంతరు, భుజాన గండ్రగొడ్డలిలాంటి ఆయుధం. వెనక ఇంగ్లీషు యాత్రికుల గుంపు. అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, "మన వీధి గూర్ఖా విజిలేస్తాడు, ఈయన కొమ్ము ఊదుతాడు, అంతేగా" అని ఒక్క ముక్కలో తేల్చేసి, తను కూడా వాళ్ళతో తిరుగుతానన్నారు. ఆవిడకి తోడుగా మా ఆయన ఆగిపోయారు. అమ్మాయి లైటు ఆయన జేబులోనే ఉండిపోయింది. నేనూ పిల్లలూ పశ్చిమాన ఉన్న కోటద్వారం దాటి, కిందకి దిగే దారి పట్టాం. ముగ్గురికీ కలిపి ఒకటే లైటు, అది నా నెత్తిన.

ఇక్కణ్ణుంచి వెతకాల్సింది మెరుపు పిన్నులు. డ్రాయింగ్ పిన్నుల్లాంటివి, తలలకి వెలుగుని తిప్పికొట్టే పూత ఉంటుంది. చెట్లకీ కంచె గుంజలకీ గుచ్చి ఉంటాయి. పగలు పక్కనుంచే వెళ్ళినా కనబడవు, రాత్రి లైటు పడితే పిల్లికళ్ళల్లా వెలుగుతాయి. ఒకటుంటే నేరుగా పోవాలి, రెండు పక్కపక్కనే ఉంటే దారి మారాలి, మూడుంటే అక్కడే సీసా. నాలుగో పిన్ను దాకా పిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయారు. అయిదోది వెతుకుతున్నప్పుడు లోయలోంచి పొగమంచు లేచింది.

మంచు అంటే ఏదో పలచగా కాదు, పాలపొంగులా. అందులోకి అడుగు పెట్టామో లేదో, లైటు వెలుగు తగ్గిపోయింది. ఛార్జింగు అయిపోయిందనుకున్నాను. కాదు. మంచు తుంపరల మీద పడిన వెలుగు వెనక్కి తిరిగొస్తుంటే, ఎదురుగా గోడ ఏదో ఉందనుకుని మన తెలివైన సెన్సరు మర్యాదగా తల దించుకుంది. గోడ మీద రాయి చదివినప్పుడు మెచ్చుకున్న బుద్ధే ఇది. తల ఎత్తితే ఒక క్షణం వెలుగుతుంది, మళ్ళీ మందగిస్తుంది. నాలుగడుగుల అవతల చెట్టు కూడా ఆనలేదు. అమ్మాయి "అమ్మా, లైటు నిద్రపోతోంది" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది.

ఈ సెన్సరుని ఆపే ఉపాయం ఉంది, లేదనను. బటను మూడు సెకన్లు నొక్కిపట్టాలి, ఒకసారి మిణుకుమంటే మన మాట విన్నట్టు. చేతి తొడుగుతో నొక్కితే నొక్కినట్టే తెలియదు. తీసేసి, కొంకర్లు పోయిన వేళ్ళతో నెత్తి మీద తడుముకుంటూ నొక్కితే మిణుకుమనడానికి బదులు ఆరిపోయింది. ఆరిపోయి మళ్ళీ వెలిగిందంటే అది పాత బుద్ధికే వస్తుంది, మనం చెప్పింది గుర్తుపెట్టుకోదు. నా తగాదా అంతా ఇక్కడే. తెలివి ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు. ఒకసారి వద్దన్నాక ఊరుకోవాలి కదా! మూడోసారికి మాట విన్నది. పూర్తి వెలుగు పెడితే ఎదురుగా తెల్ల దుప్పటి ఆరేసినట్టయింది, ఇంకేమీ కనబడలేదు. అంటే తప్పంతా సెన్సరుదే కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక లాభం లేదు, వెనక్కి పోదాం అనుకుని, లైటు తల మీంచి తీసి, వెలుగు తగ్గించి, నడుం దగ్గర పట్టుకుని కాలిబాట మీదకి వేశాను. అలా కిందనుంచి వేస్తే దారి కాస్త కనబడింది. చిన్నాడు నా పక్కనే, లైటుకి చెవి ఆనించి నడుస్తున్నాడు. ఉన్నట్టుండి, "అదుగో మెరుస్తోంది" అన్నాడు.

నాకేం కనబడలేదు. "ఎక్కడ్రా?" అంటే అక్కడే అంటాడు. మంచులో లైటు పడితే పిల్లలకి ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుందని కొట్టిపారేశాను. వాడు కదల్లేదు. చివరికి వాడి ఎత్తుకి గొంతుకూర్చుని చూస్తే, కంచె గుంజ మీద చుక్కలా తళుక్కుమంది. లేచి నిలబడితే మాయం. కూర్చుంటే ఉంది. అమ్మాయి కూడా కూర్చుంది, లేచింది, కూర్చుంది. చలిలో ముగ్గురం గుంజీలు తీశాం.

ఇంటికొచ్చాక ఆలోచిస్తే తేలింది. ఆ పిన్ను వెలుగుని ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపుతుంది, అటూ ఇటూ చిమ్మదు. దూరంగా ఉన్నదానికి కన్నుకీ లైటుకీ మధ్య రెండు మూడు జానలు ఎడమున్నా ఫరవాలేదు, ఆ కోణం చిన్నది. మంచులో కనబడేదే నాలుగైదు బారల దూరం, అంత దగ్గర్లో ఆ ఎడమే కొండంత. లైటు నా నడుం దగ్గరుంటే వెనక్కొచ్చే వెలుగు చిన్నాడి కళ్ళలో పడుతోంది, నా కళ్ళకి అందట్లేదు. రాత్రి క్యాష్‌లకి తల లైటే కావాలని అందరూ ఎందుకంటారో మూడో ఏడాదికి అర్థమైంది. మామూలు రాత్రి కళ్ళ పక్కనే ఉండటం దాని బలం, మంచు పడితే ఆ పక్కనే ఉండటమే కళ్ళకి అడ్డం.

మిగతా దారంతా చిన్నాడే మా కళ్ళు. వాడి చెవి పక్కన లైటు పట్టుకుని, వాడు ఎటంటే అటు. మూడు పిన్నులూ ఒక్కచోట కనబడ్డప్పుడు వాడు వేసిన కేకకి గుట్ట మీద గూర్ఖా ఉలిక్కిపడి ఉంటాడు. రాతిసందులో సీసా. ప్లాస్టిక్ సోడా సీసాని గాలితో ఊది పెద్దది చెయ్యకముందు ఉండే మందపాటి బుడ్డి, దానికి మరమూత. లోపల కాగితం తడిసి మెత్తబడి ఉంది. పెన్ను పారలేదు, పెన్సిలుతో రాశాం. రాసేటప్పుడు లైటు మళ్ళీ సొంత తెలివికి వచ్చి, కాగితం మీద చక్కగా మెత్తబడింది. ఇప్పుడు మాత్రం ఏమీ అనలేకపోయాను.

కొనాలా వద్దా అంటే: పేరు రాయడానికీ, గుడారంలో పుస్తకానికీ, వంటింట్లో కరెంటు పోయినప్పటికీ దీన్ని మించింది నేను వాడలేదు. ఛార్జింగు మొదట్లో నాలుగు రాత్రులొచ్చేది, ఇప్పుడు గట్టి చలిలో రెండున్నర. పట్టీ సాగింది గానీ ఉతికితే కొంత బిగుస్తోంది. ఏటి పక్కన, మంచు పడే లోయల్లో తిరిగేవాళ్ళు మాత్రం కొనేముందు ఒకటి చూసుకోండి, సెన్సరు ఆపితే ఆగినట్టే ఉంటుందా, లేక ఆర్పి వెలిగించగానే మొదటికొస్తుందా అని. మాకైతే ఆరేళ్ళ ఎత్తున్నవాడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఇంకో రెండేళ్ళు గడిచిపోతుంది.

అన్నట్టు ఆ లైటు ఇప్పుడు నా దగ్గర లేదు. డిసెంబరులో వెళ్తూ, తెల్లవారుజామున మేడ మీదకి వెళ్ళేటప్పుడు పనికొస్తుందని అత్తయ్య అడిగితే ఇచ్చేశాను. మన దగ్గర మంచెక్కడిదిలే అనుకున్నాను. సంక్రాంతి ముందు ఫోను చేశారు. "అమ్మాయ్, గోదారి మీంచి మంచు దిగేసరికి ఇది గుడ్డిదైపోతోందే" అన్నారు. "బటను మూడు సెకన్లు నొక్కిపట్టండత్తయ్యా" అన్నాను. "నొక్కితే ఆరిపోయింది" అన్నారు.