పాత కాంపర్ వ్యాను, దాని రేడియేటర్ ఫ్యాను: నాలుగు వేసవుల తర్వాత

కాలిఫోర్నియాలో ఉంటున్న మా ఇంటికి ఈ 1986 నాటి జర్మన్ కాంపర్ వ్యాను వచ్చి ఆరేళ్లయింది. మంచం, పొయ్యి, సింకు అన్నీ ఉన్న బండి. ఇంజను వెనుక, రేడియేటర్ ముందు. ఇంజను వేడిని మోసే ద్రవం, అంటే కూలెంట్, బండి పొడవునా పైపుల్లో వెళ్లి చల్లబడి తిరిగి రావాలి. మైదానం మీద గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాను చచ్చినా తెలియదు. మాదీ అలాగే తెలియలేదు.

యోసెమిటీకి వెళ్లే 120 హైవే మీద ప్రీస్ట్ గ్రేడ్ అనే నిటారు చడావు ఎక్కుతుండగా వేడి చూపే మీటరు ముల్లు పైకి పాకింది. పార్కు బిగ్ ఓక్ ఫ్లాట్ గేటు దగ్గర కార్ల వరుసలో నిలబడేసరికి ఎర్రదీపం మిణుకుమంది. ఇంజను వేడిని కొంత లోపలికి లాగి తగ్గించడానికి క్యాబిన్ హీటరు పూర్తిగా తిప్పాను. ఆగస్టు నెల. వెనుక హీటరు సీటు కిందే ఉంటుంది, ఆ సీటు మీద మా అత్తగారు. "బాబూ, రాజమండ్రి ఎండలు తప్పించుకుని ఇంత దూరం వచ్చింది ఉడకడానికా?" అన్నారు.

ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని తప్పు పని: కూలెంట్ వేడెక్కగానే ఫ్యానును నడిపే, రేడియేటరుకు బిగించే థర్మో స్విచ్ కొత్తది కొనడం. పాతది బాగానే ఉంది. అసలు చేయవలసింది రెండు నిమిషాల పరీక్ష. స్విచ్ ప్లగ్గు ఊడదీసి, అందులోని రెండు కొసలను చిన్న వైరు ముక్కతో కలపాలి. ఫ్యాను జోరుగా తిరిగితే మోటారు, వైర్లు సరే. తప్పు స్విచ్‌ది కావచ్చు, లేదా రేడియేటర్ పైభాగంలో గాలి చిక్కుకుని వేడి కూలెంట్ స్విచ్ దాకా రాకపోవచ్చు. మాది మూలిగినట్టు నెమ్మదిగా తిరిగింది. అప్పుడు మల్టీమీటరు పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.3 వోల్టులు, ఫ్యాను ప్లగ్గు దగ్గర 9.

మిగతా మూడు వోల్టులు ఫ్యూజు బాక్సులో దొరికాయి. ఫ్యూజు చూడటానికి నిక్షేపంలా ఉంది. బయటికి లాగితే దాని ఒక కాలు గోధుమరంగుకు తిరిగింది, అది కూర్చునే గూడు ప్లాస్టిక్ కరిగి మైనంలా జారింది. ఇన్నేళ్లుగా ఆ సన్నటి రేకు మీదుగానే మోటారు కరెంటంతా పోతోంది.

బ్యాటరీ ముందు సీటు కిందే ఉండటంతో పని తేలికైంది. అక్కడి నుంచి లావుపాటి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు, ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వేశాను. ఇప్పుడు థర్మో స్విచ్ రిలేను కదిలిస్తుంది, అంతే. ఫ్యానుకు గుక్కెడు నీళ్లు దొరికినట్టయింది. మరుసటి ఏడాది మోటారు ఇరుసును పట్టుకునే బుష్ అరిగి గరగరలాడితే మోటారు కూడా మార్చాను. కొత్త మోటారు పాతదానంత నిశ్శబ్దంగా లేదు గానీ, 3,031 మీటర్ల టియోగా పాస్ ఎక్కినప్పుడు కూడా ముల్లు కదలనివ్వలేదు. ఒక జాగ్రత్త: మా బండిలో తాళం తీసేశాక కూడా ఈ ఫ్యాను తిరుగుతుంది, బ్యాటరీ వైరు విప్పకుండా వేళ్లు పెట్టకండి.

తీరని ఫిర్యాదు ఒకటుంది. తక్కువ వేగానికి వాడే రెసిస్టర్ కాలిపోయింది. ఫ్యాను ఉంటే పూర్తి వేగంలో, లేదంటే లేదు. క్యాంపులో బండి ఆపాక అది ఒక్కసారిగా హోరెత్తితే పక్క గుడారాల వాళ్లు లేచి చూస్తారు. రేడియేటర్ దింపితే గానీ ఆ రెసిస్టర్‌ను అందుకోలేం కాబట్టి రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాను. మా అత్తగారు జూన్‌లో మళ్లీ వస్తున్నారు.