మిల్లులో ఏపీఎఫ్‌సీ ప్యానెల్, నాలుగేళ్ల వాడకం తర్వాత

మాది తణుకు దగ్గర చిన్న రైస్ మిల్లు, మోటార్లన్నీ కలిపి 60 హెచ్‌పీ. నాలుగేళ్ల కిందట 30 కేవీఏఆర్ (కెపాసిటర్ల సైజు కొలత) ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పెట్టించాను, అంటే లోడును బట్టి కెపాసిటర్లని కలుపుతూ తీస్తూ పవర్ ఫ్యాక్టర్ సరిచేసే పెట్టె. పవర్ ఫ్యాక్టర్ అంటే లైన్లోంచి లాగిన దాంట్లో నిజంగా పనికొచ్చే వాటా, 1కి దగ్గరగా ఉంటే మంచిది. అప్పట్నుంచీ ప్రతి సీజనూ దీంతోనే గడిచింది కాబట్టి మంచీ చెడూ రెండూ చెబుతాను.

మా బిల్లులో పవర్ ఫ్యాక్టర్ పెనాల్టీ అని వేరే లైను ఉండదు. యూనిట్లే కేవీఏహెచ్‌లో, అంటే పనికొచ్చిందే కాదు లైన్లోంచి లాగిందంతా కలిపి లెక్కేస్తారు. పవర్ ఫ్యాక్టర్ 0.72 ఉంటే మోటార్లు నిజంగా వాడుకున్న ప్రతి 100 యూనిట్లకీ 139 యూనిట్ల డబ్బు కట్టాలి, జరిమానా అందులోనే కలిసిపోయి ఉంటుంది, కంటికి కనపడదు. మోటార్లు పాతబడి కరెంటు తాగేస్తున్నాయనుకుని రెండేళ్లు అలాగే కట్టాను. తీరా చూస్తే బియ్యం పాలిష్ పట్టే పాలిషర్‌కి 15 హెచ్‌పీ సరిపోయే చోట 25 హెచ్‌పీ మోటారు ఉంది. సగం లోడు మీద తిరిగే మోటారుకి పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది.

పవర్ ఫ్యాక్టర్ పెంచడానికి మొదట ఫిక్స్‌డ్ కెపాసిటర్లు, అంటే ఎప్పుడూ కలిసే ఉండేవి వేయించాం. రాత్రి మిల్లు ఆగి లైట్లు మాత్రమే వెలుగుతున్నా అవి లైన్లోనే ఉండేవి, మీటర్లో లీడింగ్, అంటే అవసరానికి మించి కెపాసిటర్లు ఉన్నాయని చూపించేది. అందుకే లోడును బట్టి వాటంతటవే కలిసి విడిపోయే ప్యానెల్‌కి వచ్చాం. 35 కిలోవాట్ల లోడుని 0.72 నుంచి 0.98కి తేవాలంటే సుమారు 27 కేవీఏఆర్ కావాలి, 440 వోల్టుల కెపాసిటరు మన 415 వోల్టుల లైను మీద దాని లేబుల్‌పై రాసినంత ఇవ్వదు కాబట్టి 30 తీసుకున్నాం. రెండు 5 కేవీఏఆర్‌వి, రెండు 10వి, మొత్తం నాలుగు కెపాసిటర్లు.

బిగించిన మొదటి నెలంతా టెన్షనే. ఎన్ని కెపాసిటర్లు కలపాలో తేల్చేది ప్యానెల్లోని రిలే. దానికి లోడు చూపించే సీటీని (వైరు చుట్టూ ఉండి కరెంటు కొలిచే రింగు) మోటార్ల వైపు వేసి వెళ్లారు. దాంతో కెపాసిటర్లు ఎన్ని కలిసినా రిలేకి ఆ సంగతి తెలియదు, ధాన్యం పైకెత్తే ఎలివేటర్ ఒక్కటే తిరుగుతున్నా నాలుగూ ఆన్ చేసి కూర్చునేది. సీటీని మెయిన్ వైపుకి, కెపాసిటర్ల లైను కలిసే చోటికంటే ముందుకి మార్చాకే 0.98 దగ్గర నిలబడింది. ప్యానెల్ డబ్బులు రెండు సీజన్ల బిల్లుల్లో తిరిగొచ్చాయి.

మూడో ఏడు మళ్లీ 0.90కి దిగింది. రిలే మీద లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి, చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంది. టాంగ్ టెస్టర్ (వైరుకి తగిలించి ఆంపియర్లు చూసే మీటరు) పెట్టి చూస్తే ఒక 10 కేవీఏఆర్ కెపాసిటరు మూడు వైర్లలో 12, 12, 12 ఆంపియర్లు, రెండో 10కి 7, 4, 6, అంటే అది పాడైంది. ప్యానెల్ తలుపు తీస్తే ఫ్యాను జాలీ మీద తవుడు దుమ్ము అట్టకట్టి ఉంది, గాలి ఆడక లోపల సెగ. కెపాసిటరు వేడికి చచ్చిపోతుంది, కానీ రిలే లైటు కాంటాక్టర్ (కెపాసిటర్ని లైనుకి కలిపే స్విచ్చు) కలిసిందనే చెబుతుంది తప్ప కెపాసిటరు పనిచేస్తోందని చెప్పదు. ఈ ఒక్క విషయం అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నాకు చాలా బాధనిపించింది.

ఇప్పుడు ప్యానెల్‌ని మీటరు గదిలోకి మార్చేశాం. నెలకోసారి జాలీ దులిపించి ఆంపియర్లు పుస్తకంలో రాసుకుంటాను. కెపాసిటర్లు మార్చేటప్పుడు మెయిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి, చార్జి దిగిందో లేదో టెస్ట్ చేసుకున్నాకే చెయ్యి పెట్టనిస్తాను. మొన్న 12 చూపించిన ఆ మంచి 10 కేవీఏఆర్ కెపాసిటరు కూడా 10 ఆంపియర్లే చూపించింది, వరి కోతలు మొదలయ్యేలోపు మార్పించాలి.