మా పాప చదువుతున్న బడి: నాలుగేళ్ల తర్వాత రాస్తున్న సమీక్ష

మా పాపకు ఇప్పుడు పదేళ్లు. ఆటిజం ఉంది, చిన్న చిన్న వాక్యాలలో మాట్లాడుతుంది, పెద్ద శబ్దాలను, ముందుగా చెప్పని మార్పులను తట్టుకోలేదు. తిరుచానూరు రోడ్డు వైపున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో నాలుగేళ్లుగా మిగతా పిల్లలతో కలిసి ఒకే తరగతిలో చదువుతోంది. చేర్పించిన కొత్తలో రాసి ఉంటే పొగడ్త తప్ప మరేమీ రాసేదాన్ని కాను కనుక ఇన్నాళ్లు ఆగాను.

అంతకు ముందు తిరుపతిలోనే మరో బడిలో ఏడాదిన్నర చదివించాము. అక్కడ పాపను ఎవరూ కసురుకోలేదు. ఎప్పుడు అడిగినా “మీ పాప బంగారమండీ, అసలు ఇబ్బందే పెట్టదు” అనేవారు, ఆ మాటకు మేమూ మురిసిపోయాము. ఒక రాత్రి సంచి సర్దుతుంటే రంగులు వేసే పుస్తకం బయటపడింది. ఒకే మామిడిపండు బొమ్మ మీద క్రేయాన్ రంగు పొరలు పొరలుగా పేరుకుని, కాగితం అట్టలా బిరుసెక్కి, నడుమ చిరిగిపోయింది. మిగతా పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. నెలల తరబడి వెనుక బెంచీలో ఆ పుస్తకంతోనే ఆమెను కూర్చోబెట్టారని అప్పటికి గాని మాకు తెలియలేదు. అల్లరి చేసే బిడ్డను విసుక్కుంటూనైనా గమనిస్తారు. చప్పుడు చేయకుండా వెనకబడిపోయే బిడ్డ ఎవరి కంటా పడదు.

ఆ తర్వాత ప్రత్యేక పాఠశాలా, మామూలు బడా అన్న ఆలోచనలో చాలా తిరిగాము. తిరుపతిలో టీటీడీ నడిపే బధిర పాఠశాల ఉంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు సైగల భాషలో పాఠం చెప్పే చోటు ఎంత అవసరమో నేను కాదనను. మా పాప మాత్రం తోటిపిల్లలను చూసి నేర్చుకుంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరలోని బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని, కోరుకున్న చోట ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. వైకల్యం ఎంత శాతమో తెలిపే ప్రభుత్వ ధ్రువపత్రం, అంటే సదరం సర్టిఫికెట్, ముందే తీసుకుని పెట్టుకోవడం మంచిది.

ఈ బడిలో నాకు నమ్మకం కలిగించినది ఒక అట్టముక్క. దాని మీద ఆ రోజు పీరియడ్ల బొమ్మలు వరుసగా అతికించి ఉంటాయి. ఒక్కో పీరియడ్ అయిపోగానే పాప ఆ బొమ్మను తీసి డబ్బాలో వేస్తుంది. ఆటల పీరియడ్ రద్దయిన రోజున క్లాస్ టీచరు ఉదయమే ఆ బొమ్మ మీద ఎర్ర కార్డు పెట్టి, పాప పక్కనే కింద కూర్చుని “ఈరోజు ఆట లేదు, లెక్కలు ఉన్నాయి” అని రెండుసార్లు చెబుతారు. మొదటి ఏడాది అలాంటి రోజుల్లో ఏడ్చి వాంతి చేసుకునేది. మొన్న వాన వల్ల గోవిందరాజస్వామి గుడికి వెళ్లడం మానేస్తే, తానే ఒక ఎర్ర కాగితం వెతికి తెచ్చి వాళ్ల అవ్వ చేతిలో పెట్టింది.

లోపాలు కూడా చెప్పాలి. నాలుగేళ్లలో స్పెషల్ టీచర్లు ముగ్గురు మారారు. మారిన ప్రతిసారీ రెండు నెలల చదువు పోయింది. ఆ టీచరు పేరుతో వసూలు చేసే అదనపు ఫీజు మాకు భారమే. స్పీచ్ థెరపీకి బయటికే తీసుకెళ్తున్నాము. వార్షికోత్సవంలో లౌడ్ స్పీకర్ల గురించి ఏటా రాసి ఇస్తున్నా ఫలితం లేదు, అందుచేత ఆ రోజు పాపను ఇంట్లోనే ఉంచుతాము. ఆ ఒక్క విషయం నాకిప్పటికీ బాధగానే ఉంది.

బడి చూడడానికి వెళ్లేవారు ఖాళీ గదులున్న సాయంత్రం కాకుండా ఇంటర్వెల్ గంట కొట్టే వేళకు వెళ్లండి. స్పెషల్ టీచరు సెలవు పెట్టిన రోజు మా బిడ్డను ఎవరు చూసుకుంటారని క్లాస్ టీచరునే నేరుగా అడగండి. ప్రిన్సిపాల్ గారి వైపు చూడకుండా ఆమె తానే జవాబు చెప్పగలిగితే ఆ బడి గురించి ఇంకాస్త ఆలోచించవచ్చు. మేము తిరిగిన ఐదు బడులలో అలా చెప్పగలిగింది ఇక్కడి టీచరు ఒక్కరే.

జూన్‌లో పాప ఆరో తరగతికి వెళ్తుంది. సబ్జెక్టుకొక టీచరు, పైఅంతస్తులో కొత్త గది. బడివారు ఇప్పటి నుంచే ఆ టీచర్ల ఫొటోలు, మెట్ల ఫొటో మాకు ఇచ్చారు. అవి ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి. పాప రోజూ పడుకునే ముందు వచ్చి ఒక్కొక్కరి పేరూ చదువుతోంది.